రైలు ప్లాట్‌ఫారం బొమ్మలోని తెల్లని గీత

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. పాత పుస్తకాల సంతలో ఫ్రేము కట్టిన బొమ్మ ఒకటి కొన్నారు. ఇంగ్లండులోని ఏదో రైల్వే ప్లాట్‌ఫారం, మూడో తరగతి పెట్టె ముందు జనం, మూటలు, తల్లి చంకలో ఏడుస్తున్న పిల్ల, లాంతరు పట్టుకున్న గార్డు. అమ్మిన మనిషి "1870ల నాటిది, పెన్సిలుతో చేత్తో వేసిన అసలు బొమ్మ" అని చెప్పాడు. ఇంటికి తెచ్చి చూస్తే బొమ్మ మధ్యలో నిలువునా వెంట్రుకంత సన్నని తెల్ల గీత ఉంది. కాగితం వెనక ఇంగ్లీషు అచ్చు ఉంది. కింద రెండు మూలల్లో రెండు వేర్వేరు పేర్లున్నాయి. నేను మోసపోయానా, ఆ గీత కాగితం దెబ్బతిన్నదానికి గుర్తా, ఆ కాలపు జనం నిజంగా అలాగే ఉండేవారా అని అడిగారు.

లెటర్‌ప్రెస్‌లో సీసపు అక్షరాలు పేర్చే కంపోజింగు పనితో నా ఉద్యోగ జీవితం మొదలైంది. తర్వాత ఇరవై ఐదేళ్లుగా పాత అచ్చు బొమ్మలను శుభ్రం చేసి భద్రపరిచే పనిలోనే ఉన్నాను. మీరు పంపిన ఫొటోలు చూసి చాలా సంతోషించాను. అది పెన్సిలు బొమ్మ కాదు, ఒక వారపత్రికలోంచి తీసిన పేజీ. అమ్మిన మనిషి మాట తప్పే గాని, మీ చేతికి వచ్చిన వస్తువు మాత్రం మంచిది. ఆ తెల్లని గీత గురించి ముందు చెబుతాను. అది అర్థమైతే మిగిలిన రెండు ప్రశ్నలకూ దారి దానంతట అదే దొరుకుతుంది.

ఆ రోజుల్లో పత్రికల బొమ్మలను చెక్క మీద చెక్కేవారు. మామూలు పలక మీద కాదు. బాక్స్‌వుడ్ అనే చెట్టు మానును అడ్డంగా కోసి, వలయాలు కనిపించే ఆ ముఖాన్ని అద్దంలా నునుపు చేసి దాని మీద చెక్కేవారు. నిలువు పలక మీద ఉలి నడిపితే చెక్కలోని నారలు అడ్డుపడి గీత చీలిపోతుంది. అడ్డకోత ముఖం మీద ఉలిని ఎటు తిప్పినా ఒకేలా సాగుతుంది, అందుకే వెంట్రుకంత గీతను కూడా నిలబెట్టవచ్చు. ఇంగ్లండులోని న్యూకాసిల్‌కు చెందిన థామస్ బ్యూయిక్ (1753-1828) ఈ పద్ధతిని కళ స్థాయికి తీసుకెళ్లాడు. ఆయన శిష్యులు లండన్ చేరి దాన్ని వృత్తిగా నిలబెట్టారు.

పత్రికలు ఈ పద్ధతినే ఎంచుకోవడానికి అసలు కారణం అందంకన్నా అచ్చు యంత్రమే. రాగి రేకు మీద చెక్కిన బొమ్మలో సిరా గుంటల్లో నిలుస్తుంది, దానికి వేరే ప్రెస్సు కావాలి. రాతి అచ్చుకూ అంతే. చెక్క బ్లాకులో మాత్రం ఉబ్బుగా నిలిచిన భాగానికే సిరా అంటుతుంది. మన పెడన కలంకారీ అచ్చుల సూత్రమూ ఇదే. సీసపు అక్షరం కూడా అలాగే ఉబ్బుగా ఉంటుంది కాబట్టి, బ్లాకును అక్షరం ఎత్తుకు, అంటే సుమారు 23 మిల్లీమీటర్లకు సరిపెడితే చాలు. రెండింటినీ ఒకే ఫారంలో, అంటే అచ్చు చట్రంలో, బిగించి ఒకే దెబ్బలో అచ్చు వేయవచ్చు. కంపోజింగు చేసిన వారికి దీని విలువ చెప్పనవసరం లేదు. బొమ్మా కథనమూ పక్కపక్కన, ఒకే పేజీ మీద, ఒకే రాత్రిలో తయారవుతాయి. 1842 మే 14న హెర్బర్ట్ ఇంగ్రామ్ ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ అనే వారపత్రిక మొదటి సంచికను 16 పేజీలతో, 32 చెక్క బొమ్మలతో, ఆరు పెన్నీల ధరకు తేగలిగాడంటే కారణం ఇదే. ఆ మొదటి సంచిక 26,000 ప్రతులు అమ్ముడుపోయింది.

చిక్కు ఎక్కడంటే, బాక్స్‌వుడ్ చాలా నిదానంగా పెరిగే చెట్టు. మాను ఎంత ముదిరినా లావు తక్కువ, కోసిన ముక్క అరచేతిని మించదు. పత్రిక పేజీకేమో పెద్ద బొమ్మ కావాలి. అందుకని చిన్న చిన్న దిమ్మెలను పక్కపక్కన పేర్చి, వెనక నుంచి బోల్టులతో బిగించి ఒక పెద్ద బ్లాకుగా చేసేవారు. ఈ ఏర్పాటు 1860లనాటికి బాగా కుదురుకుంది. రెండు పేజీల వెడల్పు బొమ్మకు ఇలాంటి దిమ్మెలు పదుల సంఖ్యలో పట్టేవి.

ఇప్పుడు మీ గీత దగ్గరికి వద్దాం. చిత్రకారుడు బిగించిన బ్లాకు మీద బొమ్మను కుడి ఎడమలు తారుమారు చేసి గీసేవాడు. అచ్చులో తిరగబడుతుంది కాబట్టి అలా గీయాలి. తర్వాత బోల్టులు విప్పి దిమ్మెలను విడదీసి ఒక్కో చెక్కుడు పనివాడికి ఒక్కో ముక్క ఇచ్చేవారు. ఒక్క మనిషి చెక్కితే వారాలు పట్టే బొమ్మ, పదిమంది దీపాల వెలుగులో రాత్రంతా కూర్చుంటే తెల్లవారేసరికి పూర్తయ్యేది. విడదీసే ముందు పెద్ద పనివాడు ఒక పని చేసేవాడు. అతుకు మీదుగా సాగే గీతలన్నింటినీ ఇరుపక్కలా కాస్త దూరం వరకు తనే చెక్కి ఉంచేవాడు, మళ్లీ కలిపినప్పుడు అవి కలుసుకోవాలని. అన్నీ చెక్కడం పూర్తయ్యాక దిమ్మెలను తిరిగి బిగిస్తారు. చెక్క ఎండినా, బోల్టు కాస్త వదులైనా రెండు ముక్కల నడుమ వెంట్రుకవాసి సందు మిగులుతుంది. ఆ సందులో సిరా అంటదు. మీరు చూస్తున్న తెల్లని గీత ఆ సందే.

భూతద్దం తీసుకుని ఆ గీతకు రెండు వైపులా చూడండి. మీ ఫొటోలో గార్డు భుజం మీదుగా అది వెళుతోంది. ఎడమ పక్కన కోటు మీది నీడలో గీతలు ఒత్తుగా, నిటారుగా ఉన్నాయి. కుడి పక్కన అదే కోటు, అదే నీడ, కాని గీతలు కాస్త ఎడంగా, కొద్దిగా వంపుగా సాగాయి. ఒకే కోటును ఇద్దరు మనుషులు చెక్కారు. ఆ ఇద్దరి పేర్లూ ఎక్కడా లేవు. నాకు ఈ బొమ్మల్లో అన్నింటికంటే ఇష్టమైన చోటు అదే. ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఇలాంటి అతుకును చిరుగు అనుకుని రంగుతో పూడ్చేశాను. ఆ పేజీ గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మీరు మాత్రం ఎవరు చెప్పినా దాన్ని పూడ్పించవద్దు.

ఆ భూతద్దం కింద ఇంకొకటి చూడండి. నీడల్లో గీతలు ఒకదాన్నొకటి అడ్డంగా కోసుకుంటూ వల కట్టినట్టుంటాయి. పెన్నుతో గీసేవాడికి అది రెండు క్షణాల పని, ఇటు నాలుగు గీతలు, అటు నాలుగు గీతలు. చెక్కేవాడికి నల్ల గీత నిలవాలంటే చుట్టూ ఉన్న తెలుపు పోవాలి. అంటే ఆ వలలోని ప్రతి కన్నునూ, నువ్వుగింజలో సగం కూడా ఉండని ఆ చిన్న చదరాన్ని, నాలుగు పక్కలా విడివిడిగా తవ్వి తీయాలి. గీత కొంచెం తెగినా బ్లాకు చెడినట్టే. చిత్రకారుడు నిర్లక్ష్యంగా విదిల్చిన ఒక నీడ కోసం చెక్కేవాడు కొన్ని గంటలు వంగి కూర్చునేవాడు. ఇసుక నింపిన తోలు దిండు మీద దిమ్మెను పెట్టి, కుడిచేత్తో బ్యూరిన్ అనే సన్న ఉలిని ముందుకు నెడుతూ, ఎడమచేత్తో దిమ్మెనే తిప్పుతూ చెక్కేవారు. రాత్రిపూట నీళ్లు నింపిన గాజు బుడ్డిని దీపం ముందు పెట్టి, వెలుగును ఒక్కచోటికి చేర్చుకునేవారు. నేను ఒకసారి అలాంటి పాత దిమ్మెను చేతిలోకి తీసుకున్నాను. ఆ పరిమాణానికి ఊహించనంత బరువు, వేలితో తడిమితే దంతంలా నునుపు. గీతలు కంటికన్నా వేలికే ముందు తెలిశాయి.

కింద రెండు పేర్లెందుకున్నాయో ఇప్పటికి మీకే తెలిసి ఉంటుంది. ఒకటి గీసిన మనిషిది, రెండోది చెక్కిన మనిషిది, లేదా చెక్కుడు సంస్థ యజమానిది. చెక్కిన పేరు పక్కన సాధారణంగా 'ఎస్‌సి' అనే రెండు అక్షరాలుంటాయి. చెక్కాడు అనే అర్థం గల లాటిన్ మాటకు అది పొట్టి రూపం. సంస్థ పేరుంటే దాని వెనక ఎందరో కూలి పనివాళ్లు ఉంటారని గుర్తుంచుకోండి. లండన్‌లో డాల్జియెల్ సోదరుల సంస్థ వీటిలో పెద్దది. వారి సోదరి మార్గరెట్ కూడా చెక్కడంలో నేర్పరి, కాని బ్లాకుల మీద కనిపించేది ఉమ్మడి సంతకమే. ఆ సంస్థ దాచుకున్న నమూనా ప్రతులు సుమారు 54,000 ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. పంచ్ అనే హాస్య పత్రిక బొమ్మలను జోసెఫ్ స్వెయిన్ బృందం చెక్కేది.

కాబట్టి 'చేత్తో చేసిన అసలు బొమ్మేనా' అన్న మీ మొదటి ప్రశ్నకు నా జవాబు ఇది. చిత్రకారుడి చేతి బొమ్మ బ్లాకు మీదే ఉండేది, చెక్కుతుండగానే ఆ గీతలు ఉలి కింద పోయాయి. 1860ల నుంచి బొమ్మను ఫొటో తీసి చెక్క మీదికి దించే పద్ధతి వాడుకలోకి వచ్చాక కొన్ని అసలు చిత్రాలు మిగిలాయి. అంతకు ముందువాటికి పత్రిక పేజీయే అసలు. మీ దగ్గరున్నది వేల ప్రతుల్లో ఒకటి, అంతే నిజంగా అసలుది కూడా. ధర పరంగా ఇలాంటి పేజీలు అరుదు కావు. ఫ్రేముతో కలిపి మీరిచ్చిన డబ్బు పెన్సిలు చిత్రానికి తక్కువ, పత్రిక పేజీకి ఎక్కువ. ఆ నష్టం పెద్దది కాదని నా ఉద్దేశం.

ఇక మీ మూడో ప్రశ్న. జనం నిజంగా అలాగే ఉండేవారా? ఈ ప్రశ్నకు అవునని గాని కాదని గాని ఒక్క మాటలో చెప్పేవారిని నమ్మకండి.

అదే ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ మొదటి సంచికలో జర్మనీలోని హాంబర్గ్ నగరం తగలబడుతున్న బొమ్మ వచ్చింది. ఆ మంటలను చూసి గీసినవారు ఎవరూ లేరు. బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న పాత హాంబర్గ్ చిత్రాన్ని ఒకదాన్ని చూసి నకలు దించి, దాని మీద మంటలూ పొగా చేర్చారు. నగరం కాలిన మాట నిజం, భవనాలు నిజం, ఆ బొమ్మలోని క్షణం మాత్రం కల్పన. పత్రిక పుట్టిన రోజు నుంచే ఈ రెండూ కలిసి నడిచాయి. రాజభవనంలో విందు, ఓడ ప్రారంభం, గుర్రప్పందెం లాంటి ముందే తెలిసిన వేడుకలకు కొంత భాగం ముందుగానే గీసి, చెక్కి ఉంచడం కూడా మామూలే. గడువు అలాంటిది.

దీనికి ఎదురుగా ఇంకో బొమ్మ ఉంది. నా వరకు ఈ కళ మొత్తానికి అదే శిఖరం. విలియం లూసన్ థామస్ అనే ఆయన స్వయంగా చెక్కుడు పనివాడు. ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌కు పని చేసి, ఆ పత్రికలో బొమ్మలు ఒకే మూసలో సాగుతున్నాయని అనిపించి, గ్రాఫిక్ అనే వారపత్రిక పెట్టాడు. 1869 డిసెంబర్ 4న మొదటి సంచిక వచ్చింది. చిత్రకారులకు ఆయన ఇచ్చిన స్వేచ్ఛ గొప్పది, విషయం మీరే వెతుక్కోండి అన్నాడు. అప్పటికి 26 ఏళ్ల ల్యూక్ ఫైల్డ్స్ ఒక చలి రాత్రి లండన్ వీధిలో తాను చూసిన దృశ్యాన్ని ఎంచుకున్నాడు. తలదాచుకునే చోటు లేనివారు పేదల ఆశ్రమంలో ఒక రాత్రి పడుకోవాలంటే పోలీసు స్టేషనులో చీటీ తీసుకోవాలని 1860ల నాటి చట్టం. ఆ చీటీ కోసం గోడకు ఆనుకుని నిలుచున్న వరుస ఆ బొమ్మ. పిల్లల్ని చుట్టుకున్న తల్లి, చేతులు చంకల్లో దోపుకున్న మగవాళ్లు, వెనక గోడ నిండా అంటించిన ప్రకటనలు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. 'ఇల్లూ లేదు, తిండీ లేదు' అనే అర్థం వచ్చే పేరుతో అది మొదటి సంచికలోనే అచ్చయింది.

చిత్రకారుడు జాన్ మిలే ఆ పేజీ తీసుకెళ్లి చార్లెస్ డికెన్స్‌కు చూపించాడు. తన చివరి నవలకు బొమ్మలు వేసే పని డికెన్స్ ఈ యువకుడికి ఇచ్చాడు. 1874లో ఫైల్డ్స్ అదే దృశ్యాన్ని దాదాపు రెండున్నర మీటర్ల వెడల్పున తైలవర్ణంలో వేశాడు. రాయల్ అకాడమీ ప్రదర్శనలో జనం దాని మీద పడకుండా కంచె కట్టి, పోలీసును కాపలా పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడది లండన్ సమీపంలోని రాయల్ హాలోవే కళాశాలలో ఉంది. హ్యూబర్ట్ హెర్కొమర్, ఫ్రాంక్ హోల్ అనే చిత్రకారులు కూడా గ్రాఫిక్ ద్వారానే పేరు తెచ్చుకున్నారు. హోల్ 1872లో ఆ పత్రికకు ఒక రైల్వే స్టేషను దృశ్యం వేశాడు. హెర్కొమర్ 1871లో చెల్సీ ఆశ్రమంలో ప్రార్థనకు కూర్చున్న వృద్ధ సైనికులను గీశాడు. నాలుగేళ్ల తర్వాత దాన్నే పెద్ద వర్ణచిత్రంగా మలిచాడు.

ఫైల్డ్స్ బొమ్మ చూసి గీసినదే. అయినా అది కెమెరా తీసిన క్షణం కాదు. అతను అలాంటి మనుషులను వెతికి పట్టుకుని, డబ్బిచ్చి తన గదికి రప్పించి ఒక్కొక్కరినీ నిలబెట్టి గీసుకున్నాడు. ముఖాలు నిజమైనవి, బట్టలు నిజమైనవి, వరుస కూర్పు మాత్రం అతనిది. ఏ ముఖం మీద వెలుగు పడాలో అతను నిర్ణయించాడు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆరు పెన్నీలు పెట్టి వారపత్రిక కొనగలిగినవారు ఆ వరుసలో నిలుచున్నవారు కారు. పేదవారి బొమ్మలను వెచ్చని గదుల్లో కూర్చున్నవారు చూసేవారు. అందుకే కొన్ని పత్రికల్లో పేదవారు మరీ అణకువగా, మరీ జాలి పుట్టించేలా కనిపిస్తారు. ఫైల్డ్స్ బొమ్మలో ఆ కృత్రిమమైన జాలి లేదు. అదే దాని గొప్పదనం.

మీ ప్లాట్‌ఫారం బొమ్మను కూడా ఈ దృష్టితోనే చదవమంటాను. వస్తువులను ఎక్కువ నమ్మవచ్చు. లాంతరు ఆకారం, మూట కట్టిన తీరు, టోపీలు, పెట్టె తలుపు పిడి లాంటివి చిత్రకారుడూ పాఠకుడూ రోజూ చూసేవే, తప్పు గీస్తే ఉత్తరాలు వచ్చేవి. నేల, ఆకాశం, వెనకాల గుంపును తక్కువ నమ్మాలి. అవి చాలావరకు చెక్కేవాడు అలవాటు చేతితో నింపినవి. ముఖాల దగ్గర ఆగి చూడాలి. ముందు వరుసలో రెండో మూడో ముఖాలకు ప్రత్యేకత ఉండి, వెనక వరుసలో అందరికీ ఒకే ముక్కు ఉంటే, ముందువారిని ఎవరో నిజంగా చూసి గీశారని అర్థం. మీ బొమ్మలో తల్లి ముఖం అలాంటిదే. ఆమె ఎడమ కన్ను కుడిదానికంటే కాస్త కిందికి ఉంది. ఊహించి వేసే ముఖాల్లో ఇలాంటి తేడా సాధారణంగా రాదు.

మన ప్రాంతాలకూ ఈ పత్రికలకూ ఒక సంబంధం ఉంది, సంతోషకరమైనది కాదు. 1876-78 కరువును రాయలసీమలో ధాత కరువు అని ఇప్పటికీ పెద్దలు తలుచుకుంటారు. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు తుడిచిపెట్టుకుపోయాయి. 1877 అక్టోబర్ 20 నాటి ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్‌లో బెంగళూరులో గంజి కోసం, సాయం కోసం కూర్చున్న జనం బొమ్మ వచ్చింది. ఎముకలు తేలిన ఆ శరీరాలను ఇక్కడినుంచి వెళ్లిన చిత్రం ఆధారంగా లండన్‌లోని పనివాళ్లు చెక్కారు. ఆ కరువు గురించి రాసే మన పుస్తకాల్లోనూ పత్రికల్లోనూ ఈ బొమ్మను ఫొటో అన్నట్టుగా వాడేస్తుంటారు. ఎక్కడ గీసింది, ఎక్కడ చెక్కింది, ఏ తేదీ పత్రిక అన్న మూడు ముక్కలు కింద రాయమని నేను కనబడిన సంపాదకుడికల్లా చెబుతుంటాను. చనిపోయినవారి పట్ల అంతమాత్రం బాధ్యత మనకుండాలి.

ఈ కళను మనసారా ప్రేమించినవారిలో డచ్చి చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో ఒకరు. 1870లలో లండన్‌లో చిత్రాల దుకాణంలో పని చేసే రోజుల్లో వారం వారం గ్రాఫిక్, లండన్ న్యూస్ అచ్చు వేసేచోట కిటికీ ముందు నిలబడి కొత్త బొమ్మలు చూసేవాడు. తర్వాత హేగ్‌లో, చేతిలో డబ్బు లేని రోజుల్లో, గ్రాఫిక్ పాత సంపుటాలు కొని బొమ్మలు కత్తిరించి అట్టల మీద అంటించి దాచుకున్నాడు. బొగ్గుతో, సిరాతో అతను గీసిన తొలినాటి కూలీలను, ముసలివారిని చూస్తే ఈ చెక్క గీతల బలం వాటిలో కనబడుతుంది.

1880లలో ఫొటోను చుక్కలుగా మార్చి లోహపు బ్లాకుగా చేసే హాఫ్‌టోన్ పద్ధతి వచ్చింది. 1893లో డాల్జియెల్ సంస్థ దివాలా తీసింది. ఆ శతాబ్దం ముగిసేసరికి చెక్కుడు పనివాళ్లకు పత్రికల్లో పని దాదాపు లేకుండా పోయింది.

ఈ చుక్కల సంగతి మీకు పనికొస్తుంది. ఇంకోసారి సంతకు వెళ్లినప్పుడు పదింతలు చూపే భూతద్దం జేబులో పెట్టుకోండి. గీత అంచు తెగకుండా నల్లగా ఉండి, అంచు వెంట సిరా కాస్త ఒత్తుగా పేరుకున్నట్టు కనిపిస్తే అది బ్లాకు నుంచి వచ్చిన అచ్చు. గీత చుక్కలుగా విడిపోతే ఈ మధ్య తీసిన నకలు. ఆ పత్రికల బొమ్మలు కొన్ని ప్రత్యేక అనుబంధాలు తప్ప అన్నీ నలుపు తెలుపే. రంగులుంటే తర్వాత ఎవరో అమ్మకం కోసం పూసినవే అయి ఉంటాయి. వెనక అచ్చు ఉండటం లోపం కాదు, మంచి సాక్ష్యం. మీ పేజీ వెనక ఉన్న వార్తలు చదివితే తేదీ పట్టుకోవచ్చు. ఆ వైపు ఫొటో కూడా స్పష్టంగా తీసి పంపండి, నేనూ ప్రయత్నిస్తాను.

చివరగా జాగ్రత్తలు. ఫ్రేము వెనక ఉన్న ఆ గోధుమరంగు అట్టను వెంటనే తీసేయించండి. దాని ఆమ్లం కాగితంలోకి దిగుతోంది, ఎడమ అంచున పసుపు మచ్చ అందువల్లే. ఆమ్లం లేని అట్ట పెట్టించండి. బొమ్మకూ గాజుకూ మధ్య కొద్దిగా ఖాళీ ఉండాలి. లామినేషన్ చేయించవద్దు, టేపు అంటించవద్దు. ఎండ పడే గోడకూ, వంటింటి గోడకూ, వానాకాలం చెమ్మ పట్టే బయటి గోడకూ తగిలించవద్దు. ఫ్రేము విప్పేటప్పుడు కాగితం అట్టకు అంటుకుని ఉంటే లాగకుండా అలాగే ఉంచి నాకు రాయండి.